ఛాసిస్ ముందు, రంగు చివర

పాత జీపును ఇంటి పెరట్లోనే విప్పి మళ్లీ నిలబెట్టగలగడానికి కారణం దాని మోటుతనమే. నిచ్చెన ఆకారంలో ఉక్కు ఛాసిస్, దాని మీద బోల్టులతో బిగించిన రేకు తొట్టి, ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, వాటికీ ఛాసిస్‌కూ మధ్య కమాన్ కట్టలు. బండి మొత్తం ఇంతే. బోల్టులు తీసేస్తే నలుగురు మనుషులు తొట్టిని ఎత్తి పక్కన పెట్టేయగలరు. ఇంజను దించడానికి చైన్ పుల్లీ, మంచి పానాల సెట్టు, రెండు జాకీలు, గట్టి స్టాండ్లు ఉంటే పనిలో ఎక్కువ భాగం ఇంటి దగ్గరే అవుతుంది. సిలిండర్ల బోరింగుకు మాత్రం లేత్ షాపు ఎలాగూ తప్పదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక అదే బండిని సీజే పేరుతో రైతులకూ మామూలు జనానికీ అమ్మారు. మన దేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. అమెరికాలో 1953లో వచ్చిన సీజే3బీ ఇక్కడ దశాబ్దాల పాటు తయారైంది. దాని బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణం లోపలి ఎత్తైన హరికేన్ పెట్రోలు ఇంజను. తర్వాత పెజో 2112 సీసీ డీజిల్ ఇంజనుతో ఎంఎం540 లాంటివి వచ్చాయి. పోలీసు, అటవీ, నీటిపారుదల శాఖలు వాడి వేలం వేసిన జీపులే చాలావరకు ఇప్పుడు ఔత్సాహికుల పెరళ్లకు చేరుతున్నాయి. పాడేరు, అరకు ఏజెన్సీ ఘాట్ల మీద జనాన్ని మోసి మోసి అరిగిపోయినవి కొన్ని.

కొనేవాళ్లు సాధారణంగా ముందు ఇంజను స్టార్ట్ చేయించి వింటారు. అది చివర చూసినా నష్టం లేదు, బాగుచేయలేని జీపు ఇంజను అరుదు. ముందు చూడవలసింది ఆర్సీ. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవని బండి మీద లక్షలు పోసినా అది పెరట్లో బొమ్మగానే మిగులుతుంది. ఆ తర్వాత బండి కిందికి దూరి ఛాసిస్‌ను స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. మొన లోపలికి దిగిందంటే అక్కడ ఇనుము లేదు, తుప్పూ దాన్ని కప్పిన రంగూ మాత్రమే ఉన్నాయి. స్టీరింగ్ బాక్సు బిగించిన చోటా, కమాన్ కట్టల హ్యాంగర్ల దగ్గరా పగుళ్ల కోసం ప్రత్యేకంగా వెతకాలి.

విప్పేటప్పుడు ప్రతి దశకూ ఫోటో తీసి, ఏ భాగం బోల్టులను ఆ భాగం పేరు రాసిన కవర్లో వేయాలి. మూడు నెలల తర్వాత గోతాం నిండా బోల్టులు ముందేసుకుని కూర్చున్నవాడికే ఈ చాదస్తం విలువ తెలుస్తుంది.

అసలు యుద్ధం తుప్పుతో. ఛాసిస్, తొట్టి లాంటి పెద్ద భాగాలను శాండ్ బ్లాస్టింగుకు పంపడమే మేలు. బ్రాకెట్లు, కొక్కేలు, పెడళ్ల లాంటి చిన్నవాటికి ఇంట్లోనే చేసుకునే ఉపాయం ఒకటుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి చాకలి సోడా కలుపుతారు. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు నెగటివ్ తీగకు, పాత ఇనుప పట్టీని పాజిటివ్ తీగకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా నీళ్లలో వేలాడదీస్తారు. కొన్ని గంటల్లో తుప్పు వదులై నల్లటి మడ్డిగా మారుతుంది, బ్రష్షుతో రుద్దితే పోతుంది. ఈ పనిలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, అందుకని గాలి ఆడే చోటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వాడటం పెద్ద పొరపాటు. దాన్నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. శుభ్రమైన ఇనుము గాలి తగిలితే మళ్లీ తుప్పు పడుతుంది కనుక అదే రోజు ప్రైమరు కొట్టేయాలి.

బ్లాస్టింగు నుంచి వచ్చిన ఛాసిస్‌ను చదునైన నేల మీద పెట్టి, ఎడమా కుడీ జంటగా ఉండే రంధ్రాల మధ్య రెండు కర్ణాలూ టేపుతో కొలుస్తారు. కొలతలు కలవకపోతే ఛాసిస్ ఎప్పుడో గుద్దుకుని వంకరపోయిందన్నమాట. తినేసిన చోట రేకు అతికేసి పైపైన వెల్డింగు పెట్టడం మన షెడ్లలో మామూలే. దాని వెనక చెమ్మ చేరి రెండేళ్లలో పక్క ఇనుమును కూడా తినేస్తుంది. కుళ్లిన భాగాన్ని కోసి పారేసి, అంతే మందం ఉన్న ప్లేటును, వేడికి వంకరపోకుండా చిన్న చిన్న ముక్కలుగా వెల్డింగు చేయాలి. సీజే3బీలో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. వెల్డింగు మాట ఎత్తే ముందే దాన్ని ఊడదీయాలి.

పెట్రోలు ఇంజనుకు కంప్రెషన్ పరీక్ష చేస్తే రోగం సగం తెలుస్తుంది. రీడింగు తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ చూస్తారు. రీడింగు పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే అనుమానం వాల్వుల మీదికి పోతుంది. గేర్ బాక్సు వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు రెండు పనులు చేస్తుంది. అవసరమైనప్పుడు ముందు చక్రాలకూ శక్తినిస్తుంది, లో గేరు వేస్తే బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. పాత సీజేల్లో లో ఫస్టులో ఇంజను సుమారు 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. డెబ్బై అశ్వశక్తి ఇంజను బురద గుంటల్లోంచి బండిని లాగగలగడం ఆ లెక్క పుణ్యమే.

బ్రేకుల దగ్గర పొదుపు పనికిరాదు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే లైను. ఒక్క గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇనుప గొట్టాలు, రబ్బరు హోసులు, వీల్ సిలిండర్ల బకెట్లు బాగున్నట్టు కనిపించినా అన్నీ మార్చేయాలి. హేండ్ బ్రేకు చక్రాలకు కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనకుండే డ్రమ్ముకు పట్టుకుంటుంది. ఆ కేసు ఆయిలు కారితే డ్రమ్ము తడిసి హేండ్ బ్రేకు ఊరికే లివరుగా మిగులుతుంది.

గుంతలో పడగానే ముందు చక్రాలు గజగజ ఊగడం పాత జీపులకు పేరుమోసిన జబ్బు. చాలామంది స్టీరింగుకు డ్యాంపరు బిగించి ఊరుకుంటారు. అది తలనొప్పికి అమృతాంజనం రాసినట్టే. అసలు కారణం తరచుగా అరిగిన కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్డు ఎండ్లు. బేరింగులు మార్చి, షిమ్ములతో బిగువు సరిచేస్తే ఊపు తగ్గుతుంది.

టింకరింగు, పుట్టీ, ఉప్పు కాగితం, రంగు అన్నీ ఈ మరమ్మతుల తర్వాతే. వైరింగు మొత్తం కొత్తది వేయడం అతుకులు వెతకడం కంటే తేలిక.

హంగులు అద్దే సరదా మొదలయ్యేది ఇక్కడే, చిక్కులూ ఇక్కడే. అసలు 6.00-16 టైర్ల బదులు 31 అంగుళాలవి వేస్తే మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 65 దాటి పోతుంటుంది. గేర్ల బలం, బ్రేకుల పట్టు అదే లెక్కన తగ్గుతాయి. కమాన్ కట్టల షాకిల్ రెండంగుళాలు పొడవు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే, స్టీరింగు కోణాలు మాత్రం చెడతాయి. సీజే3బీ ముందు వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ చాలా పొట్టి. బండి లేచే కొద్దీ షాఫ్ట్ వాలు పెరిగి క్రాస్ బేరింగులు త్వరగా పోతాయి. ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పు సుమారు నాలుగడుగులే కావడంతో, ఎత్తిన జీపు మలుపులో పల్టీ కొట్టే ప్రమాదమూ ఎక్కువ. ఎత్తు కన్నా సరిగ్గా పనిచేసే ముందు చక్రాల హబ్బులు, మంచి ట్రెడ్డున్న సన్నటి టైర్లు, గట్టి లాగుడు కొక్కేలు బురదలో ఎక్కువ అక్కరకొస్తాయి.

చట్టం కూడా మార్పుల వైపు లేదు. ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. ముందు బిగించే క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో నమోదు తప్పనిసరి. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు దాటితే తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మార్పులు చేయకుండా మూలరూపంలో నిలబెట్టిన బండికి యాభై ఏళ్లు నిండితే 2021 నిబంధనల కింద వింటేజ్ గుర్తింపు, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. అలాంటి బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. అందుకే పాతరూపం నిలబెట్టాలా, కొండలెక్కే బండి చేయాలా అన్నది మొదటి బోల్టు విప్పకముందే తేల్చుకోవాలి.

బోరింగు చేయించిన ఇంజనును మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా, వేగం మారుస్తూ నడపాలి. తర్వాత ఆయిలు మార్చి, హెడ్ బోల్టులు, కమాన్ కట్టల యూ బోల్టులు, చక్రాల నట్లు మరోసారి బిగించాలి. కొత్త బ్రేకు లైనర్లు డ్రమ్ములో కుదురుకోవడానికీ అంతే సమయం పడుతుంది.