వంటగట్టు మీద చోటు దేనికి?

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వంటిళ్ళలో ఒక వైరుధ్యం తరచుగా కనబడుతుంది. ఇల్లు పెద్దది, వంటిల్లూ విశాలమైనదే. అయినా కూరలు తరుగుకోవడానికి జానెడు జాగా దొరకదు. మిక్సీ, గ్రైండరు, రైస్ కుక్కరు, మైక్రోవేవ్, ఎయిర్ ఫ్రయ్యరు, రోటీ మేకరు గట్టు పొడవునా బారులు తీరి ఉంటాయి. వాటిలో కొన్ని రోజూ పనిచేస్తాయి. కొన్ని కొన్న నెలలోనే మూలపడి, చివరికి బేస్‌మెంటుకో అటకకో చేరుకుంటాయి.

ఈ తేడా కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. ఏ పరికరం పనికివస్తుంది, ఏది రాదు అనే ప్రశ్నకు చాలావరకు భౌతికశాస్త్రమే సమాధానం చెబుతుంది. పరికరం లోపల జరిగే పనిని అర్థం చేసుకుంటే, దాని పెట్టె మీద ముద్రించిన రంగుల బొమ్మల అవసరం ఉండదు.

ఒక కొలబద్ద

వంటలో ప్రధానంగా మూడు పనులు ఉన్నాయి. మొదటిది వేడిని అందించడం. రెండవది పదార్థాన్ని నలగగొట్టడం. మూడవది కాపలా కాయడం, అనగా పొంగకుండా, మాడకుండా చూసుకోవడం. వంటింటి పరికరాలలో చాలామట్టుకు ఈ మూడింటిలో ఏదో ఒకటి చేసేవే.

అందుచేత ఏ పరికరాన్నైనా రెండు ప్రశ్నలు అడగవచ్చు. పొయ్యి, గిన్నె, చెయ్యి కలిసి చేయలేని పనిని ఇది చేస్తున్నదా? చేస్తే, ఆ పని ఆ ఇంటిలో వారానికి ఎన్నిసార్లు పడుతుంది? మొదటి ప్రశ్న విజ్ఞానశాస్త్రానిది, రెండవది ఆ ఇంటి అలవాట్లది. రెండింటికీ మంచి జవాబు వచ్చిన వస్తువుకే గట్టు మీద స్థిరనివాసం న్యాయం.

ఆవిరికి మూత వేస్తే

మొదటి ప్రశ్నకు నిస్సందేహంగా జవాబు చెప్పగలిగినది ప్రెషర్ కుక్కరు. తెరిచిన గిన్నెలో మంట ఎంత పెంచినా నీటి ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. అదనపు వేడి అంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. ఆవిరిని బంధించి పీడనం పెంచితే మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. 1679లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పాపిన్ ఈ సూత్రంతోనే ఎముకలను సైతం మెత్తబరచే పాత్రను తయారుచేశాడు. పేలిపోకుండా దానికి రక్షక కవాటాన్ని అమర్చినదీ ఆయనే.

పొయ్యి మీద పెట్టే మామూలు కుక్కరులో పీడనం వాతావరణ పీడనం కంటె చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్లు అధికంగా ఉంటుంది. అప్పుడు లోపలి ఉష్ణోగ్రత దాదాపు 120 డిగ్రీలు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయనిక చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది ఒక స్థూలమైన లెక్క. ఆ లెక్కన ఇరవై డిగ్రీలకు వేగం నాలుగు రెట్లు. గంటసేపు ఉడకవలసిన కందిపప్పు పావుగంటలో మెత్తబడడానికి కారణం ఇదే.

ఎత్తైన ప్రదేశాలలో ఉండేవారికి కుక్కరు సౌకర్యం కాదు, అవసరం. సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వరులో నీరు 95 డిగ్రీల వద్దనే మరుగుతుంది. జొహానెస్‌బర్గ్ ఇంకా ఎత్తు. అక్కడ తెరిచిన గిన్నెలో పప్పు ఉడకకపోవడం వండేవారి లోపం కాదు, గాలి పీడనపు లోపం.

2010లో కెనడాలో మొదలైన ఇన్‌స్టంట్ పాట్ వంటి విద్యుత్ కుక్కర్లలోనూ సూత్రం ఇదే. వాటిలో పీడనం సాధారణంగా కొంత తక్కువ గనుక సమయం కొద్దిగా ఎక్కువ పడుతుంది. బదులుగా విజిళ్ళు లెక్కపెట్టే పని తప్పుతుంది. పెరుగు తోడుపెట్టే సదుపాయం ఉన్న రకమైతే చలిదేశాలలో మరొక మేలు జరుగుతుంది. పాలు పెరుగుగా మారడానికి 40 నుండి 45 డిగ్రీల వెచ్చదనం అనుకూలం. మంచు కురిసే రాత్రి వంటింట్లో అది సహజంగా దొరకదు.

చూపులకు దీని తోబుట్టువులా కనిపించే స్లో కుక్కరు విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. అది పీడనం పెంచదు. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికిస్తుంది. మాంసానికి ఆ పద్ధతి మంచిదే. రాజ్మా గింజలకు అది ప్రమాదకరం. పచ్చి రాజ్మాలో ఉండే ఒక లెక్టిన్ తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. బాగా మరిగితేనే అది నశిస్తుంది. 80 డిగ్రీల వంటి తక్కువ వేడిలో అది పోకపోగా గింజ విషగుణం పెరిగే అవకాశం కూడా ఉంది. కనుక రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో అరగంట కళపెళ మరిగించిన తరువాతనే స్లో కుక్కరులో వేయాలి. ప్రెషర్ కుక్కరు ఉన్న ఇంటికి ఆ చిక్కే లేదు.

రోలు, మిక్సీ, గ్రైండరు

పదార్థాన్ని నలగగొట్టడంలో రెండు మార్గాలున్నాయి: కోయడం, నూరడం. మిక్సీ బ్లేడు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతూ కోస్తుంది. రాతి గ్రైండరు నిమిషానికి వంద, రెండు వందల చుట్లతో నెమ్మదిగా నూరుతుంది. ఇడ్లీ పిండి దగ్గర ఈ భేదం బయటపడుతుంది.

మినపప్పులోని మాంసకృత్తులు, జిగురు పదార్థాలు కలిసి గాలిబుడగలను పట్టి ఉంచుతాయి. రాయి మెల్లగా రుబ్బుతున్నకొద్దీ పిండిలో గాలి చేరి, నురగలాగా పొంగుతుంది. మిక్సీ రాపిడికి పిండి వేడెక్కుతుంది. ఎక్కువ వేడి తగిలితే పప్పులో సహజంగా ఉండి పిండిని పులియబెట్టే ల్యూకోనోస్టాక్ మొదలైన సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. మిక్సీలో రుబ్బేవారు చల్లటి నీళ్ళు పోయడం, మధ్యమధ్య ఆపడం ఇందుకే. 1955లో కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి విద్యుత్ గ్రైండరును రూపొందించినప్పుడు రాతిని వదిలిపెట్టలేదు; తిప్పే చేతికి మాత్రమే విశ్రాంతినిచ్చారు.

అయితే గ్రైండరు బరువు తక్కువ కాదు. ప్రతి వారం ఇడ్లీ, దోసె, గారె చేసుకునే ఇంటిలో దానికి గట్టు మీద చోటు ఇవ్వవచ్చు. నెలకొకసారి రుబ్బుకునే ఇంటికి మిక్సీ, కొన్ని మంచుముక్కలు చాలు.

పాశ్చాత్య దేశాల బ్లెండరు మిక్సీకి ప్రత్యామ్నాయమా అన్నది మరొక ప్రశ్న. బ్లెండరు గిన్నె పొడుగుగా ఉంటుంది. అందులో ద్రవం సుడి తిరిగి పదార్థాన్ని బ్లేడు వద్దకు తీసుకురావాలి. నీళ్ళు పోయని గోంగూర పచ్చడి, ధనియాల పొడి, కంది పొడి అందులో సుడి తిరగవు. అంచులకు అతుక్కుని ఉండిపోతాయి. మిక్సీ చిన్న గిన్నెలో బ్లేడు అడుగునే ఉండడం, మోటారు బలమైనది కావడం వలన పొడి దినుసులు కూడా నలుగుతాయి. 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ సుమీత్ మిక్సీని రూపొందించినది భారతీయుల వంటకు కావలసిన ఈ గట్టి పని కోసమే.

స్వదేశం నుండి సూట్‌కేసులో మిక్సీ తెచ్చుకునేవారు విద్యుత్తు సంగతి ముందుగా తెలుసుకోవాలి. బ్రిటన్, మలేషియా, యు.ఏ.ఇ. దేశాలలో వోల్టేజి భారతదేశానికి సమీపంలోనే ఉంటుంది; ప్లగ్గు మారిస్తే సరిపోతుంది. అమెరికాలో సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్‌జులు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని పెంచగలదు గాని హెర్ట్‌జులను మార్చలేదు. మిక్సీలోని బ్రష్షుల మోటారుకు దానితో పట్టింపు లేదు. గ్రైండరులో సాధారణంగా ఉండే ఇండక్షన్ మోటారు మాత్రం 60 హెర్ట్‌జుల వద్ద సుమారు ఐదవ వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. పైగా మిక్సీ వాటేజికి సరితూగని చిన్న ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి ప్రమాదం తేగలదు. పెద్దదైతే గట్టు మీద అదొక అదనపు బరువు. ఆ దేశపు వోల్టేజికే తయారైన మిక్సీని కొనుక్కోవడం మేలు.

నమ్మకమైన కాపలాదారు

రైస్ కుక్కరు మొదటి ప్రశ్నలో నెగ్గదు. అన్నం ఉడకడానికి గిన్నె, మూత చాలు. అది నెగ్గేది రెండవ ప్రశ్నలో: రోజూ అన్నం తినే ఇంటిలో అది రోజూ కాపలా కాస్తుంది.

దాని తెలివి చాలా సరళమైనది. గిన్నె అడుగున ఒక అయస్కాంత అమరిక ఉంటుంది. నీరున్నంతసేపు గిన్నె అడుగు 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. నీరు ఇంకిపోగానే ఉష్ణోగ్రత చప్పున పైకెక్కుతుంది. ఒక నిర్దిష్టమైన వేడి దాటితే కొన్ని లోహ మిశ్రమాలు అయస్కాంతానికి అంటుకునే గుణాన్ని కోల్పోతాయి. దీనినే క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. పట్టు వదలగానే స్ప్రింగు మీటను తోసేస్తుంది, టక్కుమని శబ్దం వస్తుంది, అన్నం సిద్ధమవుతుంది. 1955లో తోషిబా సంస్థ విడుదల చేసిన తొలి ఆటోమాటిక్ కుక్కరు వేరే పద్ధతిలో, బయటి గిన్నెలోని నీరు ఆవిరైపోగానే ఆగేది. దాని రూపకర్త యొషితాద మినామి కోసం ఆయన భార్య ఫుమికో పదేపదే అన్నం వండి ప్రయోగాలు చేసింది.

ఉద్యోగం నుండి అలసి వచ్చినవారికీ, పిల్లల వద్దకు వచ్చి కొత్త పొయ్యిల మీటలు అలవాటు కాని తల్లిదండ్రులకూ ఈ కాపలా విలువైనది. వేడిగా ఉంచే మీట కూడా ఉపయోగమే. ఆ మీట లేకుండా గది వేడిలో గంటల తరబడి విడిచిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి వాంతులు కలిగించవచ్చు. మిగిలిన అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం క్షేమం.

పేరు మార్చుకున్న పొయ్యిలు

ఇక మిగిలినవాటిలో అనేకం పాత పనికి కొత్త పేర్లు. 2010లో ఫిలిప్స్ సంస్థ ప్రవేశపెట్టిన ఎయిర్ ఫ్రయ్యరు నిజానికి వేయించదు. అది ఫ్యాను బిగించిన చిన్న ఓవెను. వేడిగాలి వేగంగా వీచినప్పుడు పదార్థం చుట్టూ ఉండే చల్లని గాలిపొర చెదరి, ఉపరితలం త్వరగా ఆరి, కరకరలాడుతుంది. బంగాళాదుంప ముక్కలకు, అప్పడాలకు, వంకాయ ముక్కలకు ఇది చక్కగా పనిచేస్తుంది. గారెకు, బజ్జీకి పనిచేయదు. ఆ జారుడు పిండి నూనెలో పడిన క్షణంలోనే అన్ని వైపులా గట్టిపడాలి. గాలికి అంత వేడిని అంత త్వరగా అందించే శక్తి లేదు. కన్వెక్షన్ ఓవెను ఉన్న ఇంటికి ఇది చాలావరకు పునరుక్తి. ఒకరిద్దరే ఉండే ఇంటిలో మాత్రం పెద్ద ఓవెనును వేడెక్కించకుండా సమయం, విద్యుత్తు ఆదా చేస్తుంది.

విద్యుత్ ఇడ్లీ పాత్ర ఆవిరిని పుట్టించడం తప్ప మరేమీ చేయదు. అదే ఆవిరి ఇడ్లీ రేకులు పెట్టి, వెయిట్ తీసేసిన కుక్కరులోనూ వస్తుంది. రోటీ మేకరు పిండిని వత్తి, రెండు వేడి పలకల మధ్య కాలుస్తుంది. కాని పుల్కా పొంగాలంటే లోపలి నీరు ఆవిరై పొరలను విడదీయాలి. ఆవిరి పరిమాణం నీటికన్న సుమారు 1,600 రెట్లు. పై పలక నొక్కి ఉంచితే పొంగడానికి తావుండదు. సమయానికి మూత ఎత్తే నేర్పు కావాలి. ఆ నేర్పు పట్టుబడినవారికి పెనం చాలు.

మైక్రోవేవ్ వీటి కోవకు చెందదు. 1945లో రాడారు పరికరాల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సరు కనిపెట్టిన ఈ పద్ధతి సూక్ష్మతరంగాలతో పదార్థంలోని నీటిని నేరుగా వేడిచేస్తుంది. 1947 నాటి తొలి యంత్రం మనిషెత్తున ఉండి, 340 కిలోల బరువు తూగేది. గట్టు మీద పట్టేంత చిన్నది కావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. పోపు వేయడం దానికి చేతకాదు. ఫ్రిజ్‌లోని పప్పును రెండు నిమిషాల్లో వేడిచేయడంలో దానికి సాటి లేదు.

చోటు లెక్క

ఒకే పని చేసే పరికరమంతా వ్యర్థమని కాదు. జంతికల గొట్టం ఏడాదికి నాలుగుసార్లే బయటికి వచ్చినా ఎవరూ ఫిర్యాదు చేయరు. దానికి తీగ లేదు, మోటారు లేదు. గూటిలో మూలన ఇమిడిపోతుంది. కత్తిపీట కూరలు తరగడానికీ, కొనకు కోరు ఉంటే కొబ్బరి కోరడానికీ పనికివచ్చి గోడకు ఆనుకుని నిలబడేది. పూర్వపు వంటిళ్ళు చోటును అలా లెక్క చూసుకున్నాయి.

కొత్త వస్తువు కొనేముందు మరికొన్ని పరీక్షలున్నాయి. ఇంటిలో ఇండక్షన్ పొయ్యి ఉంటే పాత్ర అడుగున అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకోకపోతే పాత అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు. అమెరికాలో 1,500 వాట్ల పరికరం పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. అలాంటివి రెండు ఒకే సర్క్యూటు మీద నడిపితే బ్రేకరు పడిపోతుంది. విడదీసి కడగవలసిన భాగాలెన్నో లెక్కపెట్టాలి. కడగడం వంటకన్న ఎక్కువసేపు పట్టే యంత్రాన్ని రెండవ నెలలో ఎవరూ తీయరు. గూటిలోంచి దించడానికి మరొకరి సాయం కావలసినంత బరువున్నదీ అంతే.

ఆ వస్తువు చేసే వంట రెండు వారాల్లో ఎన్నిసార్లు కావలసివచ్చిందో కాగితం మీద వ్రాసుకుని, ఆ తరువాత కొనడం అన్నిటికన్న సులువైన పరీక్ష. ఈ లెక్కలో ప్రెషర్ కుక్కరు, మిక్సీ దాదాపు ప్రతి తెలుగింటిలోనూ నెగ్గుతాయి. గ్రైండరు, రైస్ కుక్కరు, ఎయిర్ ఫ్రయ్యరు ఇంటిని బట్టి నెగ్గుతాయి. మిగిలినవాటి స్థానంలో గట్టు మీద మూరెడు ఖాళీ ఉండడమే మేలు. కూర తరగడానికీ, పిండి కలపడానికీ, పక్కన నిలబడిన పిల్లవాడికి చపాతీ వత్తడం నేర్పడానికీ ఆ ఖాళీయే కావాలి.