చదివింది వంటబట్టాలంటే...

పుస్తకం హస్తభూషణమని పెద్దలన్నారు. నా విషయంలో చాలాకాలం అది అక్షరాలా నిజమయింది. పుస్తకం నా చేతికి నగలాగే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలియజెప్పింది అక్షరం ముక్క రాని ఒక అవ్వ.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఇల్లు వేలూరు, ఉద్యోగం గుడియాత్తం. కాట్పాడిలో రైలెక్కి, దిగేదాకా పుస్తకం చదువుకోవడం అలవాటు. కుర్రతనంలో నండూరి రామమోహనరావుగారి ‘విశ్వరూపం’, ‘నరావతారం’ చదివి ఆశ్చర్యపోయాను. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ స్నేహితులందరం చేతులు మార్చుకుని చదివాం. తరవాత డేల్ కార్నెగీ, స్టీఫెన్ కవీ, బెంజమిన్ గ్రాహం వంటివారి ఇంగ్లీషు పుస్తకాలు. నచ్చిన చోటల్లా ఎర్ర గీత గీసేవాణ్ణి. బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రవాళ్ల దగ్గర పుస్తకాల పేర్లు వల్లించి, “ఇది చదివావా?” అని అడగడం నాకో సరదా.

2021లో ఒకరోజు ఒక అవ్వ మా బ్రాంచికి వచ్చింది. గుడియాత్తం లుంగీల నేతకు పేరుపడ్డ ఊరు కదా, ఆమెదీ తెలుగు మాట్లాడే నేత కుటుంబమే. రెండు లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ మధ్యలోనే తీసెయ్యాలంది.

“ఎందుకవ్వా?” అన్నాను.

“ఎవరో నెలకు నూటికి ఐదు రూపాయలు ఇస్తారంట సారూ. మీ వడ్డీ ఏ మూలకొస్తుంది?”

నాకు అనుమానం తగిలింది. గ్రాహం 1949లో రాసిన ‘ద ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’ చదివినవాణ్ణి కదా! రిస్కు, రిటర్ను, డైవర్సిఫికేషను అంటూ పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అవ్వ ఓపికగా విని, “సరే సారూ, మరి డబ్బులెప్పుడిస్తావు?” అంది. వేలిముద్ర వేసి తీసుకుపోయింది.

ఏడాది తిరక్కముందే వాళ్లు తలుపులు మూసుకుని పోయారు. అవ్వ పింఛను డబ్బు కోసం బ్రాంచికి వచ్చినప్పుడు తల ఎత్తి చూడలేకపోయాను. ఆమె మాత్రం నన్నేమీ అనలేదు. “నువ్వు ఆరోజు ఏందో చెప్పినావు సారూ. నాకే అర్థం కాలేదు” అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. రాత్రి గ్రాహం పుస్తకం తీశాను. పేజీ పేజీకీ ఎర్ర గీతలు. పుస్తకం మూసి, ఇందులో అసలు విషయం ఒక్కటి అవ్వకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పు అని నన్ను నేనే అడిగాను. గొంతు పెగల్లేదు. అర్థం కానిది అవ్వకు కాదు, నాకే!

దీనికి కారణమేమిటో తరవాత తెలిసింది. అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని చదివి, మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పాఠం చూడకుండా జ్ఞాపకమున్నంత రాశారు. ఐదు నిమిషాల తరవాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తరవాత అడిగితే తారుమారయింది. చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. కళ్లకు అలవాటైన పేజీ మనకు వచ్చేసినట్టే అనిపిస్తుంది. అదే మోసం.

మన అవధానులకు ఇది కొత్త సంగతేమీ కాదు. అష్టావధానంలో ఎన్ని పద్యాలు చెప్పినా, చివర ధారణ చేసి అప్పగిస్తేనే అవధానం పూర్తయినట్టు. బ్యాంకులోనూ అంతే. సాయంత్రం చేతిలో నగదు లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడనిదే ఇంటికి కదలం. చదువు విషయంలో మాత్రం నేను ఏనాడూ ఆ లెక్క చూసుకోలేదు.

అప్పటినుంచి మూడు పనులు పెట్టుకున్నాను. అధ్యాయం కాగానే పుస్తకం మూసి, గుర్తున్నది నోటుబుక్కులో నాలుగు వాక్యాల్లో రాస్తాను. తరవాత తెరిచి తప్పులు దిద్దుకుంటాను. మొదట్లో రెండు వాక్యాలు రావడమే గగనమయింది. వారం తరవాత అదే విషయం మా ఆవిడకు ఇంగ్లీషు మాట లేకుండా చెబుతాను. “అయితే ఏమంటారు?” అని ఆమె అడిగిందంటే నాకు ఇంకా రానట్టే. చివరగా, పుస్తకానికి ఒక్క విషయమైనా ఆ నెలలో ఆచరణలో పెడతాను. ఏడాదికి ఇరవై పుస్తకాలు చదివేవాణ్ణి, ఇప్పుడు ఆరు దాటడం లేదు. అయినా నష్టం కనిపించలేదు.

2023లో మరో నేతగాడి భార్య అలాంటి ఆశతోనే వచ్చింది. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. “నెలకు ఐదంటే ఏడాదికి నూటికి అరవై అమ్మా. మీ మగ్గం మీద నూరు రూపాయలు పెడితే, ఖర్చులు పోను ఏడాదికి అరవై మిగులుతుందా?” అన్నాను.

“మిగిలితే నీ కాడికెందుకొస్తాన్నా!” అని నవ్వింది.

“మరి వాళ్లకు ఎక్కడ మిగులుతుంది? నీ వడ్డీ ఎవరి అసల్లోంచి ఇస్తారు?”

ఆమె కాసేపు ఆలోచించి, డిపాజిట్ రసీదు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. గ్రాహం చెప్పిన దాని సారం కూడా అంతే. ముందు అసలుకు భద్రత, ఆ తరవాతే తగిన రాబడి. అసలు కన్నా వడ్డీ ముద్దన్న సామెత మనవల విషయంలో చెల్లుతుంది గాని, డబ్బు విషయంలో చెల్లదు.

అవ్వ రెండు లక్షలు తిరిగి రాలేదు. ఇంత ఆలస్యంగా నేర్చుకున్నందుకు ఆ వెలితి నాకు ఉండనే ఉంటుంది. ఈ సంచిక చేతిలో ఉన్నవారిని ఒక్కటే కోరుతున్నాను. పత్రిక మూసిపెట్టి, ఇందులో చదివిన ఒక్క విషయం ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి చూడండి. వాళ్లకు అర్థమైతే అది మీకు వచ్చినట్టే.