మెట్టసీమ యాత్రికులు – ఎఱ్ఱగుడి బండలు

రాయలసీమ పడమటి భాగమును వర్ణించునపుడు 'మరుభూమి' యను మాట మన సాహిత్యచరిత్రలలోను, విద్యార్థులు సమర్పించు సిద్ధాంతవ్యాసములలోను ఇంచుమించు స్థిరవిశేషణమైపోయినది. ప్యాపిలి, పత్తికొండ, గుత్తి ప్రాంతముల ప్రసక్తి రాగానే వ్రాయువాని కలము దానంతట అదియే ఆ మాటమీదికి పోవును. ఈ విశేషణమునకు కన్నులార చూచినవారి సాక్ష్యమెంత, విన్నవారి యూహ యెంత అని విచారించుట ఈ వ్యాసోద్దేశము. విషయము స్వల్పముగా తోపవచ్చును. కాని ఒక సీమను ఎడారియని నిశ్చయించిన పిమ్మట అందలి బావులను, బాటలను, శాసనములను కలిపి చదువవలెనను తలంపు ఎవ్వరికిని కలుగదు. ఆ నష్టము స్వల్పమైనది కాదు.

ముందుగా భూగోళశాస్త్రమును అడుగుదము. ఏటికి 250 మిల్లీమీటర్లకు లోబడిన వర్షముగల నేలను సాధారణముగా ఎడారి యందురు. అనంతపురము ప్రాంతమున సగటు వర్షము 550 మిల్లీమీటర్ల చెంతను, కర్నూలు ప్రాంతమున అంతకంటె కొంత హెచ్చుగను ఉన్నది. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి తడి పోగొట్టుకొనును. ఈశాన్యపవనము తూర్పుతీరమును తడిపి ఇచ్చటికి నీరసించి చేరును. కావున ఇది వానచాటు సీమయే గాని ఎడారి కాదు. జొన్నయు కొఱ్ఱయు పండిన నేల. నేడు వేరుసెనగ పండుచున్న నేల. వాన పడుట కంటె పడునో పడదో యను సంశయమే ఇచ్చటి జీవితమును తీర్చినది. 1876-78 నాటి ధాతుకరువు ఆ సంశయము నిజమైనప్పటి ఘోరము. కరువునాడు వచ్చి చూచిన యధికారి వ్రాసిన వ్రాత వేఱు, కార్తికమాసమున వచ్చినవాని వ్రాత వేఱు. మన గ్రంథములలో మొదటిదే నిలిచినది.

తెలుగున యాత్రాసాహిత్య మనగానే ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర స్మరణకు వచ్చును. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఈయన 1830 మే 18న బయలుదేఱి 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరెను. దారిలో మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసిన లేఖలే 1838లో గ్రంథముగా వెలువడినవి. దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దీనిని పరిష్కరించి ప్రకటించిరి. ఏ మజిలీలో నీరు దొరకును, ఏ యూర అంగళ్లున్నవి, బస కనుకూలమైన చోటున్నదా అని ఆయన ఓపికతో వ్రాయును. పల్లకిమీద, పెద్ద పరివారముతో పోవువానికి నీటి విచారము వినోదము కాదు. నూఱుమంది కుత్తుకల సంగతి. ఆయన సాక్ష్యమున కున్న విలువ యిదియే.

అయినను ఈ గ్రంథమును మెట్టసీమకు సాక్షిగా పిలుచునపుడు ఒక్క జాగ్రత్త అవసరము. వీరాస్వామయ్యగారు కడపనుండి అహోబిలము, మహానంది, శ్రీశైలముల మీదుగా ఉత్తరమునకు పోయిరి. అనగా నల్లమలకును ఎఱ్ఱమలకును నడుమ కుందేఱు పాఱు నల్లరేగడి నేలను, నల్లమల యడవిని చూచిరి గాని ఎఱ్ఱమలకు పడమటనున్న ప్యాపిలి మెట్టను చూడలేదు. మహానంది కోనేటిలో ఏడాదిపొడవున నీరు ఊరుచుండును; ప్యాపిలి చేలలో గింజ మొలకెత్తుటకు మేఘమువైపు చూడవలెను. రెండును నేడు నంద్యాలజిల్లాలోనివే. 2022లో ఏర్పడిన యీ జిల్లాపటమును చూచి ఒకదాని వర్ణనమును రెండవదానికి అంటగట్టిన వ్యాసములు మేము పరీక్షకులుగా చదివియున్నాము.

విదేశీయులలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో మీర్‌జుమ్లా కొలువునకు గండికోట వచ్చెను. ఆయన దృష్టి కోటమీదను, కొండయంచున పోవు ఇఱుకుదారిమీదను, అమ్మకపు సరకుమీదను నిలిచినది, నేలమీద నిలువలేదు. వర్తకుని తప్పుపట్టుట యేల? 1800లో నైజాము ఈ మండలములను కుంపిణీకి దత్తము చేసిన పిదప కాలిన్ మెకంజీ సర్వే నడపెను. ఆయన కొలువునందలి కావలి సోదరులును ఇతర పండితులును ఊరూర తిరిగి కైఫీయతులు సేకరించిరి. మా యభిప్రాయమున మెట్టసీమకు నిజమైన యాత్రాసాహిత్యము ఈ కైఫీయతులే. పేరు చెప్పుకొనని యాత్రికుడు ఊరి కరణముకడ కూర్చుండి చెఱువు ఎవడు కట్టించెను, బావి యెవడు త్రవ్వించెను, గుడికి మాన్య మెంత అని అడిగి వ్రాసికొన్నాడు. ఎడారిలో అడుగదగిన ప్రశ్నలు కావివి.

ఇక సర్ తామస్ మన్రో. 1800 నుండి 1807 వఱకు దత్తమండలముల కలెక్టరై, గుఱ్ఱముమీదను గుడారములలోను ఈ నేలనంతయు తిరిగినవాడు. గవర్నరై, స్వదేశమునకు మరలుటకు ముందు ఈ సీమను కడసారి చూడవచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాసోకి మరణించెను. గుత్తిలో ఖననము జరిగెను. అస్థులను 1831లో చెన్నపట్టణము చేర్చిరి. పత్తికొండలో ఆయన స్మారకముగా ప్రభుత్వమువారు చేసిన పని యేమి? ఒక తోపు నాటించి, ఒక మెట్లబావి కట్టించిరి. ఆ సీమ బాటసారికి ఏది కావలెనో ఎఱిగినవాడెవడో ఆ యాలోచన చేసియుండును.

ఇచ్చటనే మా విషయము ఎఱ్ఱగుడికి తిరుగుచున్నది. పత్తికొండ–గుత్తి దారిమీద, ప్యాపిలికి పడమటగా ఉన్న యీ గ్రామసమీపమున 1929లో అనుఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు అశోకుని శాసనములను గుర్తించెను. ఒకేచోట 14 ప్రధాన శిలాశాసనములును, రెండు చిన్న శాసనములును కలవు. దక్షిణాపథమున ఇట్టిచోటు మఱియొకటి లేదు. చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. ఎద్దు మడిచాలు తిరిగినట్లు లిపి తిరిగినది. బ్రాహ్మీలిపి చరిత్రలో ఇది మిక్కిలి యరుదు.

శాసనములందలి రెండవదాని యర్థమును మన విద్యార్థులు కంఠస్థము చేయుదురు గాని ఆ బండ యెచ్చట నున్నదో తలపరు. మనుష్యులకును పశువులకును చికిత్స, ఓషధులు నాటించుట, బాటలపొడవున బావులు త్రవ్వించుట, చెట్లు నాటించుట అందు చెప్పబడినవి. గంగాతీరమున ఈ మాట రాజు ఔదార్యప్రకటన. ఎఱ్ఱగుడి బండమీద, మే నెల మధ్యాహ్నమున, ఇది బాటసారి ప్రాణమునకు సంబంధించిన వార్త. శాసనపాఠ మొకటే యైనను చోటు మాఱినచో చదువరికి దాని బరువు మాఱును. ఆ కాలమున ఈ ప్రాంతమున బావులు నిజముగా త్రవ్వించిరని మే మనుటలేదు. పత్తికొండలో 1827 తరువాత బావియు తోపును ఏర్పఱచినవారికి ఈ శాసనము తెలియు నవకాశమును లేదు. బండలు బయటపడుటకు అప్పటికి ఇంచుమించు నూఱేండ్లున్నది. ఒకే సీమ ఒకే యవసరమును రెండుమాఱులు చెప్పించినది. అంతకు మించి సంబంధము కల్పింపరాదు.

ఈ బండలకు యాత్రతో మఱియొక బంధము కూడ కలదు. చిన్న శాసనపు పాఠములందు వచ్చు 256 అను సంఖ్యను రాజు ప్రయాణములో గడపిన రాత్రుల లెక్కగా పలువురు పండితులు గ్రహించిరి. ఎఱ్ఱగుడి ప్రధానశాసనముల ప్రాకృతము తూర్పుదేశపు లక్షణములు గలది. 'రాజ' శబ్దమునకు 'లాజ' యని యుండుట యిందులకు గుర్తు. అనగా పాఠము ఉత్తరమునుండి లేఖకుల చేతులలో నడచివచ్చినది. రెండవ చిన్న శాసనమున ఏనుగుల నెక్కువారితోను, వాహనశిక్షకులతోను, బ్రాహ్మణులతోను కలిసి 'కరణక' శబ్దము వచ్చినది. వ్రాయసకాండ్రని దాని యర్థము. మన పల్లెలలో 1980ల వఱకు బ్రదికియుండిన 'కరణము' పదమును విచారించువారు ఈ బండను విడచి ముందునకు పోరాదు.

పదుమూడవ శాసనమున యవనరాజుల పేర్లు వచ్చును. వారిలో తురమాయుడొకడు, వివిధ ప్రతులలో స్వల్పభేదములతో కనబడు ఈ పేరు ఈజిప్టును పాలించిన రెండవ టాలెమీదని విద్వాంసుల నిశ్చయము. ఎడారియన నిజమైన యెడారి, ప్రాచీనకట్టడము లన లోకమంతయు యాత్రపోవు కట్టడములు గల ఆ దేశపు రాజు పేరు పత్తికొండ మెట్టలో బండమీద చెక్కబడియున్నది. ధర్మవార్త ఆ రాజుల సీమలవఱకు వ్యాపించినదని శాసనము చెప్పును. నేడు మనవారు పిరమిడ్లను చూచి వచ్చి వ్యాసములు వ్రాయుచున్నారు, వలదనము. వారిలో ఎందఱు గుత్తిలో దిగి ఈ బండ చూచినారో!

ఈజిప్టుతో పోలిక ఒక్క విషయమున ఉపకరించును. అచ్చట ఇసుక నిరంతరము పొడిగా నుండుటచే రెండువేల యేండ్లనాటి జమ్ముకాగితములు చిరుగక దొరకుచున్నవి. ఇచ్చట పొడియున్నను ఎడతెగని పొడి లేదు. ఏటేట నాలుగు నెలలు తడి సోకును, చెదలు లేచును, తాటాకు నశించును. కావుననే మెట్టసీమలో ప్రాచీనాక్షరము రాతిమీదనే మిగిలినది. తాటాకులమీదను కాగితములమీదను ఉన్నది మెకంజీ వంటివాడు ప్రతి వ్రాయించినంతవఱకే మిగిలినది. ఇది ఎడారియే యైనచో మనకు వ్రాతప్రతులు ఇంతకంటె హెచ్చుగా దక్కియుండెడివి!

కొంతకాలము క్రిందట మేము విద్యార్థులతో ప్యాపిలినుండి గుత్తిమీదుగా ఎఱ్ఱగుడికి పోయితిమి. తొలకరి పడి నాలుగు దినములైనది. తుగ్గలి, జొన్నగిరి చేలలో జనము తలలు వంచి వజ్రములు వెదకుచుండిరి. ఏటేట తొలివానకు దూరపు జిల్లాలనుండి కూడ వచ్చి, చెట్లక్రింద వండుకొని, దినములతరబడి నేలవైపు చూచుచు తిరుగు వీరును యాత్రికులే. వీరి యనుభవమును వ్రాసిపెట్టినవారు మాకు కనబడలేదు. జొన్నగిరియే అశోకుని సువర్ణగిరి యని కొందఱు పండితుల మతము; కాదని, మఱియొకచోటని వేఱు పండితుల మతము. మా విద్యార్థి యొకడు వజ్రము వెదకుచున్న ముదుసలి నడిగెను: "అవ్వా, ఈ ఊరికా పేరెట్లా వచ్చె?" "జొన్నలు పండుతాయి గద నాయనా" అని యామె తల యెత్తకయే చెప్పినది. వ్యుత్పత్తి సరియైనదో కాదో గాని, ఎడారియను మాటకు అంతకంటె సూటియైన ప్రత్యుత్తరము మేము వినలేదు.

తిరుగుదారిలో పాతబాట ప్రక్కన ఒక దిగుడుబావికడ ఆగితిమి. గోడలోని రాతిమీద అక్షరములున్నవని యొక గొల్లవాడు చెప్పినందున దిగి చూడబోయితిమి. గొట్టపుబావులు వచ్చిన పిదప ఆ నీటితో ఎవ్వరికిని పనిలేక పోయినది. చెత్తయు, పగిలిన రాళ్లును, ముండ్లకంపయు అంచువఱకు వచ్చియున్నవి. మెట్లు లెక్కపెట్టగా పదునొకండు తేలినవి. అక్షరము లున్నవని చెప్పిన రాయి అంతకు క్రింద, పూడికలో నున్నది.