మణికట్టు మీది పచ్చ దీపం

పులివెందుల అరటిపండుకు తొడిగినా కొన్ని స్మార్ట్‌వాచీలు నిమిషానికి డెబ్బయ్యో ఎనభయ్యో గుండె వేగం చూపిస్తాయి. ఇలాంటి వీడియోలు ఫోన్లలో చాలానే తిరిగాయి. అంతమాత్రాన వాచీ అంతా మోసమని తేల్చేయడం తొందరపాటే. దాని అడుగున ఉన్నది ఓ పచ్చ దీపం, తిరిగొచ్చే వెలుతురును కొలిచే ఓ సెన్సర్, ఆ వెలుతురులో లయను వెతికే లెక్క. లయ లేనిచోట కూడా చిన్న చిన్న హెచ్చుతగ్గుల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని ఆ లెక్క అంకె చెప్పేస్తుంది. పండు మీద తప్పింది కాబట్టి చేతి మీదా తప్పుతుందని అనలేం. చేతి మీద ఎంత నిజం చెబుతుందో చేతి మీదే పరీక్షించాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1937లోనే అమెరికాలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ వేలి మీద వెలుతురు వేసి చూశాడు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మంలోకి నెత్తురు ఉరుకుతుంది, తిరిగొచ్చే వెలుతురు కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఫోటోసెల్‌తో పట్టుకున్నాడు. 1974లో జపాన్ ఇంజినీరు టకువో అయోయాగి ఈ దారిలోనే నెత్తుటిలోని ఆక్సిజన్ కొలిచే ఉపాయం కనిపెట్టాడు. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో వేలికి పెట్టుకున్న క్లిప్పు అలా వచ్చిందే. ఆటగాళ్ల కోసం ఫిన్లాండ్‌లో 1977లో మొదలైన పోలార్ కంపెనీ మాత్రం వేరే దారి పట్టి, గుండె విద్యుత్తును ఎద మీది పట్టీతో అందుకుంది. వెలుతురు సెన్సర్ మణికట్టుకు చేరి ఇంటింటి వస్తువు అయింది 2010 తర్వాతే.

మణికట్టు కష్టమైన చోటు. అక్కడ ఎముకలు, స్నాయువులు ఎక్కువ, చర్మంలో నెత్తురు వేలికొసల్లో కంటే తక్కువ. నెత్తురు పచ్చరంగును బాగా పీల్చుకుంటుంది కాబట్టే ఆ దీపం పెట్టారు. కూర్చున్నంతసేపూ లెక్క చక్కగా సాగుతుంది. నడక మొదలుపెడితే చెయ్యి ఊగుతుంది, ఊపుకు తగ్గట్టు నెత్తురూ కదులుతుంది. నిమిషానికి 110 అడుగులు వేస్తుంటే, గుండె 90 సార్లే కొట్టుకుంటున్నా, వాచీ 110 చూపించవచ్చు. గండికోట మెట్ల మీద గానీ, జమ్మలమడుగు చుట్టుపక్కల పొలాల్లో పార పట్టినప్పుడు గానీ చూసిన అంకెను ఇందుకే ఆచితూచి నమ్మాలి. పిడికిలి బిగిస్తే మణికట్టు స్నాయువులు బిగుసుకుని సెన్సర్ కింద చర్మాన్ని కదిలిస్తాయి. మా కడప ఎండకు చెమట పట్టి పట్టీ జారితే పక్కనుంచి వెలుతురు దూరుతుంది.

మరి సరిచూసేది దేనితో? ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో గీటురాయి లేనిదే మాట సాగదు. గుండె వేగానికి ఆ గీటురాయి ఈసీజీ. 2017లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 50 మందిని ట్రెడ్‌మిల్ ఎక్కించి పోల్చితే, ఎదపట్టీకి ఈసీజీతో పొంతన (పూర్తిగా కలిస్తే 1) 0.99 వచ్చింది, నాలుగు మణికట్టు పరికరాలకు 0.83 నుంచి 0.91 దాకా వచ్చింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 60 మంది మీద ఏడు పరికరాలను పరీక్షించారు. ఆరింటిలో గుండె వేగం తప్పు 5 శాతం లోపే. క్యాలరీల లెక్క మాత్రం అన్నిటికంటే మెరుగైనదానిలోనే 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వాన్నమైనదానిలో 93 శాతం తప్పింది. ఇంత తిన్నాం, ఇంత కరిగింది అని వాచీ చూసి నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ అంకెలను గుర్తుపెట్టుకోవాలి.

స్టాన్‌ఫర్డ్ పరీక్షలో నల్లని చర్మం ఉన్నవాళ్లలో తప్పు కొంత పెరిగింది. చర్మంలోని మెలనిన్ కూడా పచ్చ వెలుతురును పీల్చుకుంటుంది కాబట్టి అది వింతేమీ కాదు. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం చేసిన పరీక్షలో మాత్రం చర్మపు రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కదలిక ఉన్నప్పుడు తప్పు విశ్రాంతిలో కంటే సగటున 30 శాతం పెరిగింది. రెండు పరీక్షల్లోనూ వాలంటీర్లు కొద్దిమందే. ఎండలో కాయకష్టం చేసే నల్లని చేతుల మీద, మన పనుల్లోనే ఈ పరీక్ష జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల ప్రొద్దుటూరులోనే ఉంది, జేఎన్‌టీయూ కళాశాల పులివెందులలో ఉంది. విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది? సగటు తప్పు ఒక్కటే చెప్పి సరిపెట్టకూడదు. ఒకరిలో పది ఎక్కువ, ఇంకొకరిలో పది తక్కువ వస్తే సగటు సున్నా అయిపోతుంది. ఏ మనిషిలో ఎంత తప్పిందో విడివిడిగా గీసి చూపాలి. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు 1986లో చెప్పిన పద్ధతి అదే.

ఇంకో చిక్కుంది. ఈసీజీ చూసేది గుండె విద్యుత్తును, వాచీ చూసేది చర్మంలోకి చేరిన నెత్తురును. గుండె లయ తప్పే కొన్ని జబ్బుల్లో కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి మణికట్టు దాకా రావు. అప్పుడు వాచీ తక్కువ చెబుతుంది, వేళ్లతో నాడి పట్టినా తక్కువే వస్తుంది. అందుకే డాక్టర్లు ఎద మీద స్టెతస్కోపు పెట్టి, ఇంకో చేత్తో నాడి పట్టి, రెండు లెక్కలకూ తేడా ఎంతో చూస్తారు. అనుమానం వస్తే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, రెండు వేళ్లతో నాడి పట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. దెబ్బకు దెబ్బకు మధ్య ఎడం ఒకేలా లేకపోయినా, ఎదలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా, వాచీ ఏ అంకె చూపిస్తున్నా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.