నల్లని పటాల మందిరం

ఊర్జానగర్‌లో కాపురముండేవారికి నలుపును గురించి వేరే ఒకరు చెప్పవలసిన పని లేదు. 2,920 మెగావాట్ల విద్యుత్కేంద్రం నీడలో బ్రతుకుతున్నాము; బొగ్గే మనకు అన్నం పెడుతున్నది. అప్పుడే విరిచిన బొగ్గు పెళ్ళ అద్దంలా మెరుస్తుంది. వాన వెలిసిన తరువాత అదే బొగ్గు నీలంగా కనిపిస్తుంది. కిటికీ చువ్వలమీద పేరుకునే నుసి రంగు మరొకటి. రోజూ వరండా తుడిచే మన ఆడవారిని అడిగితే ఇన్ని నలుపులనూ వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పగలరు.

అయినా, అమెరికాలో హ్యూస్టన్ నగరంలో ఒక ప్రార్థనా మందిరం ఉన్నదనీ, అందులో విగ్రహం గాని సిలువ గాని లేకుండా గోడల నిండా నల్లని చిత్రపటాలే ఉన్నవనీ 2020లో ఒక పత్రికలో చదివినపుడు నేను నవ్వాను. పక్కన వేసిన ఫొటోను మా ఇంటావిడకు చూపించి, "బడికి నల్లబల్లలు అమ్మే దుకాణంలా లేదూ?" అన్నాను. ఆమె ఫొటో చూసి, "ఫొటోలో ఏం తెలుస్తుంది లెండి" అని కాఫీ కలపడానికి వెళ్ళింది. ఆ మాట విలువ నాకు తెలిసి రావడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ మందిరం పేరు రోత్కో చాపెల్. కట్టించినవారు జాన్ డి మెనిల్, డొమినిక్ డి మెనిల్ అనే దంపతులు. ఫ్రాన్సు దేశంనుంచి వచ్చి హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. చమురుబావులకు పనికివచ్చే యంత్రాల వ్యాపారం వారిది. వారికి కూతురియర్ అనే ఒక ఫ్రెంచి సన్న్యాసి గురుతుల్యుడు. క్రైస్తవ దేవాలయాలలో ఈనాటి చిత్రకారులకూ, శిల్పులకూ చోటివ్వాలని జీవితమంతా వాదించిన మనిషి ఆయన. ఫ్రాన్సులో మతీస్ అనే మహాచిత్రకారుడు అలంకరించిన వాన్స్ చాపెల్ 1951లో పూర్తి అయినది. మన చండీగఢ్ నగరానికి ప్లాను గీసిన లె కొర్బూజియే నిర్మించిన రోన్‌షాం దేవాలయం 1955లో వచ్చింది. ఆ రెండింటి వెనుకా ఆ సన్న్యాసి ప్రోత్సాహం ఉన్నది. ఆ బాటలోనే ఈ దంపతులు 1964లో మార్క్ రోత్కో అనే చిత్రకారుణ్ణి పిలిచి, మందిరానికి పటాలు వ్రాయమన్నారు.

రోత్కో 1903లో, నేడు లాట్వియా దేశంలో ఉన్న ద్వీన్‌స్క్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పదేళ్ళ ప్రాయంలో అమెరికాకు వలస వచ్చాడు. 1958లో న్యూయార్కులోని ఒక ఖరీదైన భోజనశాలకు పటాలు వ్రాయడానికి ఒప్పుకొని, వ్రాసిన తరువాత మనసు విరిగి, సొమ్ము తిరిగి ఇచ్చివేసినవాడు. తింటూ మాట్లాడుకునేవారి వెనుక తన పటాలు వ్రేలాడడం ఆయనకు సరిపడలేదు. అటువంటి మనిషికి ఒక మందిరమే దొరికింది. న్యూయార్కులోని తన పనిశాలలో మందిరపు గోడలవంటి గోడలు నిలబెట్టి, పైకప్పు అద్దంనుంచి పడే వెలుతురును ఒక పారాచూటు గుడ్డతో అదుపు చేసుకుంటూ, 1967 నాటికి పటాలను పూర్తి చేశాడు. మందిరానికి ఎనిమిది మూలలు. గోడలకు 14 పటాలు. సగం పటాలలో ఎరుపు కలిసిన నేలమీద నల్లని దీర్ఘచతురస్రాలు. తక్కిన సగం ముదురు ఊదా రంగు. అయితే 1970 ఫిబ్రవరి 25వ తేదీన ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. మందిరం ప్రారంభమైనది మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో.

ఇక్కడే పత్రికలవారికి పని దొరికింది. చిత్రకారుడు ఆత్మహత్య చేసుకున్నాడు, పటాలు నల్లగా ఉన్నవి, ఇంకేమి కావాలి? ఈ నలుపంతా మరణవాంఛ అనీ, ఇది ఆయన వ్రాసిపెట్టిన వీడ్కోలు ఉత్తరమనీ అనుకోవడం సులభం. అప్పటినుంచి ఈనాటివరకు మందిరాన్ని గురించి వచ్చే వ్యాసాలలో ఆ మరణం ఎక్కడో ఒకచోట తొంగిచూస్తూనే ఉంటుంది.

కాని తేదీలను ఒకసారి వరుసగా పెట్టి చూడండి. పటాలు ముగిసినది 1967లో. ఆయన ఆరోగ్యం చెడి, గుండెనుంచి వచ్చే పెద్ద రక్తనాళానికి ప్రమాదం వచ్చినది 1968లో. మరణం 1970లో. మూడేళ్ళ తరువాత జరిగిన సంగతిని మూడేళ్ళ ముందటి పటంలో చదవడం, కథ ముగింపు తెలిసినవాడు మొదటి పుటలోనే దుఃఖించడంవంటిది. ఆ మనిషి మనసులో ఏమున్నదో మనమెవరమూ చెప్పలేము. పటాలు మాత్రం చావు వార్తను తెలపడానికి వ్రాసినవి కావు; కూర్చోవడానికి వ్రాసినవి.

పత్రికలు అచ్చువేసిన మంచి సంగతులు కూడ ఉన్నవి. మందిరం ముందు నీటి కొలనులో బార్నెట్ న్యూమన్ చేసిన ఒక ఉక్కు శిల్పం ఉన్నది. తలక్రిందులైన స్తంభం, పిరమిడ్ కొనమీద నిలబడి ఉంటుంది. దానిని మార్టిన్ లూథర్ కింగ్ స్మృతికి అంకితం చేస్తూ నగరానికి ఇవ్వబోతే నగర పాలకులు ఆ అంకితానికి ఒప్పుకోలేదు. అప్పుడు డి మెనిల్ దంపతులు తామే కొని, మందిరం ముందు నిలిపారు. కాథలిక్ చాపెల్‌గా తలపెట్టిన ఈ మందిరం ప్రారంభం నాటికే అన్ని మతాలవారిదీ అయినది. 1979లో దలైలామా వచ్చారు. 1991లో నెల్సన్ మండేలా వచ్చి, మానవహక్కుల బహుమానం అందుకొని ప్రసంగించారు. 2018లో ఎవరో దుర్మార్గులు ఆ కొలనులో తెల్లరంగు పోసి, జాతిద్వేషపు కరపత్రాలు చల్లారు, అదీ వార్తే. 2019లో మందిరాన్ని మూసి, పైకప్పు అద్దాన్ని మార్చి, టెక్సస్ ఎండ పటాలమీద సరిగా పడేటట్లు చేసి, 2020 సెప్టెంబరులో తెరిచారు. నేను మొదట చదివినది ఆ వార్తనే.

2022లో మా అమ్మాయి మమ్మల్ని హ్యూస్టన్‌కు పిలిపించుకున్నది. ఒక ఆదివారంనాడు, "నాన్నా, మీరు నవ్విన నల్లబల్లల దుకాణానికి వెళ్దాం రండి" అన్నది. టిక్కెట్టు లేదు. వాకిట అన్ని మతాల పవిత్రగ్రంథాలూ పెట్టి ఉన్నవి. లోపల ఫొటోలు తీయనివ్వరు. బూడిదరంగు గోడలు, నాలుగు చెక్కబల్లలు, పటాలు. అంతే.

మొదటి పది నిమిషాలూ నాకు ఏమీ కనిపించలేదు. ఇంత దూరం వచ్చి ఇదా అనుకున్నాను. మా ఇంటావిడ నా చెవిదగ్గర, "ఎండలోనుంచి గర్భగుడిలోకి పోతే మొదట ఏం కనిపిస్తుందండీ? చీకటే గదా. కాస్త ఆగండి" అన్నది. ఆగాను. బయట ఆకాశంలో మబ్బు తొలగినది కాబోలు, ఎదుటి పటంలో నలుపు అడుగునుంచి ఊదారంగు మెల్లగా పైకి వచ్చింది. మళ్ళీ మబ్బు పట్టగానే లోపలికి వెళ్ళిపోయింది. వాన వెలిసిన తరువాతి బొగ్గు గుర్తుకు వచ్చింది. చిదంబరంలో తెర తొలగించి శూన్యాన్ని చూపించే పెద్దలు పిచ్చివారు కారని కూడ అనిపించింది. అరగంట ఎట్లా గడిచినదో తెలియదు.

అందరికీ ఇట్లాగే జరుగుతుందని నేను చెప్పను. మా వెనుకనే వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు ఒకసారి చుట్టూ చూసి, వెంటనే వెళ్ళిపోయారు. వారిది తప్పని అనను.

బయట కొలను పక్కన కూర్చున్నపుడు అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: "2016లో ఇక్కడికి వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం ఇక్కడికి వచ్చేదాన్ని, నాన్నా. ఎవరూ తెలియదు, ఆఫీసులో కష్టంగా ఉండేది. ఇక్కడ నువ్వెవరు, ఎందుకు వచ్చావు అని అడగరు. కూర్చుని, ఏడుపు వస్తే ఏడ్చి, గదికి వెళ్ళి మీకు ఫోను చేసేదాన్ని."

మా ఇంటావిడ దాని చెయ్యి పట్టుకున్నది. నాకు నోట మాట రాలేదు. ఆ ఆదివారపు ఫోనులన్నీ నాకు గుర్తున్నవి. జీతం ఎంత, ఏం వండుకున్నావు, చలిగా ఉందా అని మేము అడిగేవాళ్ళం. "అంతా బాగుంది" అని అది చెప్పేది. అవన్నీ వార్తలే, ఒక్కటీ అబద్ధం కాదు. కాని పత్రికలో పడిన ఫొటోకు ఆ ఊదారంగు అందనట్లే, ఆ వార్తలకు మా పిల్ల అందలేదు.

పత్రికలను నిందించడానికి ఇది వ్రాయడంలేదు. పత్రిక లేకపోతే ఆ మందిరం పేరే నాకు తెలియదు. జరిగినదానిని చెప్పడం వాటి ధర్మం. ఏమీ జరగని చోట కూర్చున్నవారికి మాత్రమే తెలిసే సంగతి వాటికి దొరకదు, అంతే.

2024 జూలైలో బెరిల్ అనే తుఫాను హ్యూస్టన్‌ను ముంచెత్తింది. లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. అమ్మాయి క్షేమంగా ఉన్నదని తెలిసేవరకు, విద్యుత్కేంద్రం పక్కనే కూర్చుని, మా ప్రాణాలు చీకట్లో ఉన్నవి. మరికొన్నాళ్ళకు ఆ మందిరం మూసివేశారని వార్త వచ్చింది. కప్పులోనుంచి నీరు కారి, గోడలూ మూడు పటాలూ దెబ్బతిన్నవని లెక్క వ్రాశారు. డిసెంబరులో తిరిగి తెరిచారన్నది తరువాతి వార్త.

ఆ లెక్క చదువుతుంటే మా ఇద్దరికీ కళ్ళముందు నిలిచినది మూడు పటాలు కావు. వాటికి ఎదురుగా ఉన్న చెక్కబల్లమీద, 2016లో ఒక ఆదివారం, ఒంటరిగా కూర్చున్న మా పిల్ల. ఇప్పుడు ఫోనులో "అంతా బాగుంది" అన్నపుడు మేము వెంటనే మరొక ప్రశ్న వేయడంలేదు. కాసేపు ఆగుతున్నాము.