సాంచాల నూనె, రంగు మందు: క్యాన్సర్ తెస్తాయో లేదో తేల్చేదెలా?

గైబీ నగర్ గల్లీల్లో పగలూ రాత్రీ సాంచాల చప్పుడు ఆగదు. ఆ చప్పుడు మధ్యే బతుకుతున్న మన తెలుగు ఇళ్లలో ఎన్నో ఏళ్లుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. ఇంటి పెద్దాయనకు మూత్రాశయంలోనో, చర్మం మీదో క్యాన్సర్ అని తేలుతుంది. పరేల్‌లోని టాటా ఆస్పత్రికి తిప్పడం మొదలవుతుంది. లోకల్ రైల్లో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కొడుకు మనసులో ఒకటే మెదులుతుంది: "నాన్న ముప్పై ఏళ్లు ఆ నూనెలో, ఆ రంగుల్లో చేతులు పెట్టి పనిచేశాడు. దానివల్లే వచ్చిందా?"

కొందరు అవునంటారు. కొందరు గుట్కా మీదికి తోస్తారు. మరికొందరు తలరాత అని ఊరుకుంటారు. ఒక రసాయనం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని శాస్త్రవేత్తలు ఎలా తేలుస్తారో తెలిస్తే, ఈ ప్రశ్నకు జవాబు ఎంతవరకు దొరుకుతుందో, ఎక్కడ ఆగిపోతుందో మనకే అర్థమవుతుంది. అది మన నేత పనికి సంబంధించిన ఉదాహరణలతోనే చెప్పుకుందాం.

ఒక్క మనిషిని చూసి చెప్పలేం

క్యాన్సర్ గడ్డ మీద ఏ రసాయనం పేరూ రాసి ఉండదు. ఎంత పెద్ద డాక్టరైనా ముక్క తీసి పరీక్షించి, ఇది ఫలానా డబ్బాలోని మందు వల్ల వచ్చిందని చెప్పలేడు. జీవితంలో ఒక్కసారి కూడా సాంచా ముట్టనివాళ్లకూ అదే జబ్బు వస్తుంది.

పైగా నేత కార్మికుడి ఒంట్లోకి పోయేది ఒక్క రంగు మందే కాదు. బీడీ, సిగరెట్, తంబాకు, గుట్కా కూడా ఉన్నాయి. మూత్రాశయ క్యాన్సర్‌కు అతి పెద్ద కారణం పొగతాగడమే. అందుకే మనుషులను గుంపులుగా పోల్చాలి. రంగు పని చేసినవాళ్లు ఒకవైపు, అదే వయసు, అవే అలవాట్లు ఉండి ఆ పని చేయనివాళ్లు ఇంకోవైపు. రెండు వైపులా ఎందరికి జబ్బు వచ్చిందో లెక్కపెట్టాలి. ఈ లెక్క ఏడాదికో రెండేళ్లకో తేలేది కాదు. రంగు పరిశ్రమలో మూత్రాశయ క్యాన్సర్ బయటపడడానికి పని మొదలుపెట్టిన నాటి నుంచి తరచూ పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ ఫ్యాక్టరీ ఉంటుందో ఉండదో, ఆ మనిషి ఏ ఊళ్లో ఉంటాడో తెలియదు.

ముగ్గురు సాక్షులు

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. 1965లో ఏర్పడిన ఈ సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థలో భాగం. ఒక్కో రసాయనం మీద ఆ రంగంలో పనిచేసిన శాస్త్రవేత్తలను పలు దేశాల నుంచి పిలిచి, అప్పటివరకు అచ్చయిన పరిశోధనలన్నీ వాళ్ల ముందు పెడుతుంది. ఊళ్లో పంచాయితీలో సాక్షులను విన్నట్టే వాళ్లు మూడు రకాల సాక్ష్యాలను పరిశీలిస్తారు.

మొదటిది మనుషుల సాక్ష్యం: ఆ రసాయనంతో పనిచేసినవాళ్లలో జబ్బు మామూలు కంటే ఎక్కువగా వచ్చిందా? రెండోది జంతువుల సాక్ష్యం: ఎలుకలకో, కుక్కలకో ఇస్తే వాటిలో గడ్డలు పుట్టాయా? మూడోది ఒంట్లో జరిగే పని గురించిన సాక్ష్యం: ఆ రసాయనం కణంలోకి వెళ్లి జన్యు పదార్థాన్ని చెడగొడుతోందా? ఎలా?

ఈ మూడింటినీ తూచి వర్గం ఇస్తారు. ఒకటో వర్గం అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైనట్టు. 2ఏ అంటే తెచ్చే అవకాశం గట్టిగా ఉన్నట్టు. 2బీ అంటే తేవచ్చు, సాక్ష్యం మాత్రం అంత గట్టిగా లేదని. మూడో వర్గం అంటే ఇప్పుడున్న సాక్ష్యంతో తేల్చలేమని. మూడో వర్గం అంటే భయం లేదని కాదు, దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ వర్గాలు రుజువు ఎంత గట్టిదో చెబుతాయి, ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. పొగాకు, వక్క, మద్యం, ఎండ, ఇవన్నీ ఒకటో వర్గంలోనే ఉన్నాయి. అంతమాత్రాన అన్నీ ఒకే మోతాదులో ముప్పు తెస్తాయని కాదు. బుట్టలో ఉన్నా పాము పామే. కరుస్తుందా లేదా అన్నది బుట్ట మూత గట్టిగా ఉందా, మనం చెయ్యి పెట్టామా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రసాయనమూ అంతే. ఎంత తగిలింది, ఎన్నేళ్లు తగిలింది, చర్మం మీద పడిందా, ఊపిరిలో పోయిందా అన్నదాని మీద ముప్పు ఆధారపడుతుంది.

రంగు మందు కథ: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అహ్మదాబాద్ దాకా

1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ ఒక విషయం గమనించాడు. ఫుక్సిన్ అనే ఎర్ర రంగు తయారుచేసే కార్మికులు ఉన్నదే కొద్దిమంది, వాళ్లలోనే ఒకరి తర్వాత ఒకరు మూత్రాశయంలో గడ్డలతో వస్తున్నారు. అప్పట్లో నింద అనిలిన్ మీద పడింది. జబ్బు పేరే అనిలిన్ క్యాన్సర్ అయింది. తర్వాత దశాబ్దాల పరిశోధనలో అసలు దోషులు అదే పరిశ్రమలో వాడే వేరే రసాయనాలని తేలింది. వాటిలో బెంజిడిన్, బీటా నాఫ్తిలమిన్ ముఖ్యమైనవి. 1938లో అమెరికాలో బీటా నాఫ్తిలమిన్ ఇచ్చిన కుక్కల మూత్రాశయాల్లో గడ్డలు పుట్టాయి. 1954లో బ్రిటన్‌లో రాబర్ట్ కేస్, ఆయన సహచరులు రసాయన పరిశ్రమ కార్మికుల పాత రికార్డులు తిరగేసి, ఈ రసాయనాలతో పనిచేసినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ మామూలు జనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువని చూపించారు.

అనిలిన్ సంగతి అక్కడితో ముగియలేదు. చాలా కాలం మూడో వర్గంలో ఉండిన అనిలిన్‌ను 2020లో 2ఏకు మార్చారు. కొత్త సాక్ష్యం వస్తే పాత తీర్పు మారుతుంది.

బెంజిడిన్‌తో తయారయ్యే రంగులు నూలుకు సులువుగా పడతాయి, ధర తక్కువ. డైరెక్ట్ బ్లాక్ 38 అలాంటి నల్ల రంగే. బెంజిడిన్ చెడ్డదే కావచ్చు, రంగుగా మారిపోయాక దానితో ప్రమాదమేమిటని చాలాకాలం వాదన నడిచింది. ఆ వాదనకు జవాబు ఇచ్చినవాటిలో మన దేశంలో జరిగిన పరిశోధన కూడా ఉంది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు 1980లలో డైరెక్ట్ బ్లాక్ 38 పని చేసే కార్మికుల మూత్రం పరీక్షిస్తే అందులో బెంజిడిన్ కనిపించింది. పేగుల్లోని సూక్ష్మజీవులు, కాలేయం కలిసి ఒంట్లోకి పోయిన రంగును విడగొట్టి మళ్లీ బెంజిడిన్‌గా మారుస్తున్నాయన్నమాట. అది మూత్రంలో కలిసి మూత్రాశయంలో గంటల తరబడి నిలవ ఉంటుంది. జబ్బు అక్కడే ఎందుకు వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. 1996లో అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి అహ్మదాబాద్ కార్మికుల మీదే చేసిన మరో పరిశోధన, మూత్రంలో రాలిన మూత్రాశయ కణాల జన్యు పదార్థానికి ఈ రసాయనం అతుక్కుని ఉండడాన్ని చూపించింది.

2008లో లియోన్ నిపుణులు బెంజిడిన్‌గా మారే రంగులను 2ఏ నుంచి ఒకటో వర్గానికి పెంచారు. ఆ రంగులను మాత్రమే వాడిన కార్మికుల్లో క్యాన్సర్ లెక్కలు అప్పటికీ సరిపడా లేవు. అయినా జంతువుల సాక్ష్యం, మనుషుల ఒంట్లో రంగు బెంజిడిన్‌గా మారుతోందన్న సాక్ష్యం కలిపి తీర్పుకు సరిపోయాయి. పరీక్షకు మూత్రం ఇచ్చిన ఆ కార్మికుల వల్ల ప్రపంచానికే మేలు జరిగింది.

ఈలోపే చట్టం కదిలింది. భారత ప్రభుత్వం 1993లో బెంజిడిన్ ఆధారిత రంగులు 42, 1997లో మరో 70 అజో రంగులు నిషేధించింది. జర్మనీ అలాంటి రంగులు వేసిన బట్టను కొనబోమని అంతకుముందే చెప్పడం కూడా 1997 నిషేధం వెనక ఉంది.

నూనె కథ: మాంచెస్టర్ నూలు మిల్లులు

రంగు పని చేయనివాళ్లకు, సాంచాల మీద గ్రే బట్ట నేసేవాళ్లకు దగ్గరి ఉదాహరణ నూనె. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో మ్యూల్ అనే నూలు వడికే యంత్రాలు ఉండేవి. తిరిగే కదుళ్ల నుంచి నూనె తుంపరలు ఎగిరి కార్మికుడి నడుము కింద పడేవి. వంగి పనిచేసేటప్పుడు నూనె పట్టిన కడ్డీ ప్యాంటుకు రాసుకునేది. ఆ బట్టలే రోజంతా ఒంటి మీద ఉండేవి. 1922లో మాంచెస్టర్‌లోని ఇద్దరు డాక్టర్లు తమ ఆస్పత్రి రికార్డులు తీసి చూస్తే, వృషణాల సంచి చర్మానికి క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది ఈ యంత్రాల మీద పనిచేసినవాళ్లే. తర్వాత ఎలుకల చర్మం మీద రకరకాల నూనెలు పూసి చూస్తే, సరిగా శుద్ధి చేయని నూనెలు గడ్డలు తెచ్చాయి, బాగా శుద్ధి చేసినవి తేలేదు. 1953లో బ్రిటన్ ఆ యంత్రాలకు శుద్ధి చేసిన నూనెలే వాడాలని నిబంధన పెట్టింది.

ఈ రోజు శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన మినరల్ ఆయిల్ ఒకటో వర్గంలో ఉంది. బాగా శుద్ధి చేసినది మూడో వర్గంలో ఉంది. డబ్బా మీద పేరు 'లూమ్ ఆయిల్' అనే ఉండవచ్చు, లోపల ఉన్నది ఏ రకం అన్నదే అసలు ప్రశ్న. చవకగా వస్తుందని బండ్లలో వాడేసిన ఇంజిన్ ఆయిల్ సాంచాలకు పోస్తే, అందులో పేరుకున్న హానికర పదార్థాలు కూడా వెంట వస్తాయి.

నేత పని మీదే ఒక తీర్పు

1990లో అచ్చయిన లియోన్ నివేదిక ఒక రసాయనాన్ని కాకుండా మొత్తం వస్త్ర తయారీ పనినే పరిశీలించి 2బీ వర్గంలో పెట్టింది. రంగు పనివాళ్లలోనూ, నేతగాళ్లలోనూ మూత్రాశయ క్యాన్సర్, నేతగాళ్లలో ముక్కు లోపలి క్యాన్సర్ కనిపించడమే దానికి ప్రధాన ఆధారం. రంగు పనివాళ్లలో రంగులు, నేతగాళ్లలో నూలు దుమ్ము కారణం కావచ్చని అన్నారు. నేసే ప్రతివాడికీ క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. అనుమానానికి ఆధారం ఉంది, తీర్పుకు సాక్ష్యం చాలదని మాత్రమే. పత్తి దుమ్ము ఊపిరితిత్తులకు తెచ్చే బిస్సినోసిస్ వేరు, అది క్యాన్సర్ కాదు, దాని మీద అనుమానం కూడా లేదు.

మన కాగితాల్లో మన పని లేదు

రాబర్ట్ కేస్ చేసిన లెక్క ఎలా సాధ్యమైంది? ఎవరు ఏ విభాగంలో ఎన్నేళ్లు పనిచేశారో ఫ్యాక్టరీల్లో రాసి ఉంది కాబట్టి. మాంచెస్టర్ డాక్టర్లు ఎలా కనుక్కున్నారు? ఆస్పత్రి కాగితం మీద రోగి పని ఏమిటో రాసి ఉంది కాబట్టి.

మన దగ్గర ఆ గడిలో ఏం రాయిస్తున్నాం? "లేబర్", "మజ్దూరీ". కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి భివండికి వచ్చిన మన పెద్దలు ఇద్దరు ముగ్గురు సేఠ్‌ల దగ్గర, చిన్న చిన్న షెడ్లలో, మస్టర్‌లో పేరు లేకుండా ఏళ్ల తరబడి పనిచేశారు. కొందరు ముసలితనంలో ఊరికి వెళ్లిపోయారు. జబ్బు అక్కడ బయటపడితే, ఊరి డాక్టరుకు ఆయన భివండిలో ఏం పని చేశాడో తెలియదు. సాక్ష్యం అక్కడే పోతోంది. మనుషుల సాక్ష్యం లేకపోతే రసాయనం ఏళ్ల తరబడి తేల్చలేని వర్గంలోనే ఉండిపోవచ్చు. తారు, మినరల్ ఆయిల్ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ మన నష్టపరిహార చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో చాలాకాలంగా ఉంది. కానీ ఆ నూనెతో పనిచేసినట్టు ఆధారం చూపలేని కుటుంబానికి ఆ జాబితా వల్ల ఒరిగేదేముంది?

ఇంట్లో చేయగలిగినవి

ఒక నోటు పుస్తకం తీసుకుని ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ గల్లీలో, ఏ పని: సాంచా నడిపారా, జాబర్ పనా, సైజింగా, రంగు పనా? ఏ నూనె, ఏ మందు వాడారు? రాసి ఆధార్ కార్డుతో పాటు దాచండి. ఆస్పత్రికి వెళ్లినప్పుడు డాక్టరు అడగకపోయినా చెప్పండి, కేస్ పేపరులో రాయమనండి.

షెడ్డులోకి వచ్చే డబ్బాల లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లేబుల్ లేని నూనె, పేరు లేని రంగు పొడి వస్తే ఏమిటని సేఠ్‌ను అడగండి. ఒక్కరే అడిగితే ఇబ్బంది అనుకుంటే నలుగురు కలిసి అడగండి.

నూనె గుడ్డ ప్యాంటు జేబులో పెట్టుకోవద్దు. నూనె పట్టిన బట్టలతో ఇంటికి వచ్చి అలాగే పడుకోవద్దు. చేతులు కిరోసిన్‌తో కాకుండా సబ్బుతో కడుక్కోండి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దని ఇంట్లో ఆడవాళ్లకు చెప్పడం కాదు, విడిగా తీసి పెట్టే పని మగవాళ్లే చేయాలి.

నొప్పి లేకుండా ఒక్కసారి మూత్రంలో రక్తం కనిపించినా, వేడి చేసిందని నీళ్లు తాగి ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి. మానని పుండు, పెరిగే పులిపిరి చర్మం మీద ఎక్కడ ఉన్నా, సిగ్గుపడే చోట ఉన్నా చూపించండి. మొదట్లోనే దొరికితే ఈ రెండు రకాల క్యాన్సర్లకూ చికిత్స బాగా పనిచేస్తుంది.

బీడీ, తంబాకు మానడం గురించి వేరే చెప్పక్కర్లేదు. "ఎలాగూ గుట్కా తింటాడుగా" అన్న మాట మాత్రం షెడ్డులోని నూనెను నిర్దోషిని చేయదు. రెండూ ఒకే ఒంట్లోకి పోతున్నాయి.

రైల్లో ఫైలు పట్టుకుని కూర్చున్న ఆ కొడుకుకు, నాన్న జబ్బు ఫలానా మందు వల్లే వచ్చిందని కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఆ ఫైలులో నాన్న చేసిన పని ఒక పేజీగా ఉంటే మాత్రం, ఇంకో ఇరవై ఏళ్లకు ఇదే ప్రశ్న అడిగే ఇంకొకరికి జవాబు దొరకవచ్చు. ఆ పేజీ ఈ ఆదివారమే రాయడం మొదలుపెడదాం.