పాత కాంటెస్సాకు ఇంట్లోనే కొత్త ఊపిరి.. రంగు వేయించే ముందు ఇవి చూసుకోండి!

అమీర్‌పేట, పంజాగుట్ట వెనక గల్లీల్లోకి వెళ్తే కొన్ని పాత ఇండిపెండెంట్ ఇళ్ల పోర్టికోల్లో కవర్ కప్పిన కార్లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800.. అరుదుగా ఓ కాంటెస్సా. ఇల్లు బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కి ఇచ్చే రోజు రాగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. తాతగారి కారును తుక్కుకి ఇచ్చేయడమా? లేక అందరం కలిసి బాగు చేసుకోవడమా?

బాగు చేద్దామనుకుంటే మనసు ముందు రంగు మీదకే పోతుంది. కానీ అసలు వరుస వేరు. కాగితాలు, బాడీ, బ్రేకులు, ఇంజిన్.. అన్నీ అయ్యాకే పెయింట్. ఈ వరుస తప్పితే డబ్బు వృథా కావడమే కాదు, రేపు ఆ కారుకు దక్కాల్సిన 'వింటేజ్' హోదా కూడా చేజారిపోవచ్చు. అదెలాగో చూద్దాం.

కాంటెస్సాకు అంత క్రేజ్ ఎందుకు?

అమెరికాలో మజిల్ కార్ అంటే మధ్యస్థ సైజు బాడీలో పెద్ద వీ8 ఇంజిన్ పెట్టిన బండి. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఆ ట్రెండ్ ఊపందుకుంది. మన దగ్గర అలాంటి కార్లు తయారవలేదు. పొడవాటి బానెట్, వెనక చక్రాలు తిప్పే డ్రైవ్ ఉన్న హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సానే జనం 'ఇండియన్ మజిల్ కార్' అని పిలుచుకున్నారు. బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ వీఎక్స్ కారు దీనికి మూలం. 1984లో వచ్చి, 2002లో ఆగిపోయింది.

నిజానికి మొదట్లో దీని కండలన్నీ చూపుకే! అంబాసిడర్‌లో వాడిన 1.5 లీటర్ ఇంజిన్‌నే ఇందులోనూ పెట్టారు. దాని శక్తి సుమారు 50 హార్స్‌పవర్. తర్వాత ఇసుజు 1.8 లీటర్ పెట్రోల్ ఇంజిన్ వచ్చాక కాంటెస్సా క్లాసిక్ శక్తి 90కి దగ్గరగా చేరింది.

50 ఏళ్ల గీత ఏంటి?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు నోటిఫై చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లు దీని కిందకి వస్తాయి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ.20 వేలు, పదేళ్ల తర్వాత రెన్యువల్‌కు రూ.5 వేలు. ఈ కార్లను రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, టెక్నికల్ రీసెర్చ్, ఇంధనం, మెయింటెనెన్స్ కోసం మాత్రమే రోడ్డెక్కాలి.

ఇందులో అసలు మెలిక మరొకటి. కారు ఒరిజినల్ రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు.

కాంటెస్సా వచ్చింది 1984లో. అంటే వాటిలో అన్నిటికన్నా పాతదానికి కూడా 50 ఏళ్లు నిండేది 2034లోనే! అప్పటిదాకా అది చట్టం దృష్టిలో మామూలు పాత కారే. ఈ రోజు షెడ్డులో బాడీ కోయించినా, వేరే కంపెనీ ఇంజిన్ దింపినా ఆ ప్రభావం 2034లో కనిపిస్తుంది. 1975కి ముందు రిజిస్టర్ అయిన అంబాసిడర్, ఫియట్ ఉన్నవాళ్లయితే ఇప్పుడే అర్హులు.

ముందు ఆర్‌సీ బయటకు తీయండి

తెలంగాణలో ఢిల్లీ తరహా వయసు ఆంక్షలు లేవు. ఫిట్‌నెస్ ఉంటే సొంత కారును 15 ఏళ్ల తర్వాత కూడా రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుని వాడుకోవచ్చు. ఫారం 25తో అప్లై చేయాలి, ఇన్‌స్పెక్షన్‌కు బండి చూపించాలి. పాసైతే ఐదేళ్లకు రెన్యువల్ అవుతుంది. అయితే 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో రూ.10 వేలకు పెంచింది. గ్రీన్ ట్యాక్స్, గడువు దాటితే ఆలస్య రుసుము దీనికి అదనం.

చాలా ఇళ్లలో చిక్కొచ్చేది పేరు దగ్గర. ఆర్‌సీ చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటే వారసుల పేరుకు మార్చుకోవాలి. దీనికి ఫారం 31. ఓనర్ చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లో బదిలీకి అప్లై చేయాలన్నది నిబంధన. ఏళ్లు గడిచిపోయి ఉంటే పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోవాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా అవసరం కావచ్చు. కాబట్టి ఆ మాట ముందే ఇంట్లో తేల్చుకోవడం మంచిది.

మరో ముఖ్యమైన విషయం చాసిస్ నంబర్. ఇన్‌స్పెక్షన్‌లో దాని పెన్సిల్ ప్రింట్ తీసుకుంటారు. ఆ నంబర్ ఉన్నచోట తుప్పు పట్టి చెరిగిపోతే పని కష్టమే. గ్రైండర్ పెట్టేముందు ఆ భాగాన్ని ఫొటో తీసి, టేప్ వేసి కాపాడుకోవాలి.

రంగు, ఇంజిన్ మార్చొచ్చా?

రంగు మార్చొచ్చు కానీ ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఇంజిన్ మార్పుకు ఆర్టీఏ అనుమతి కావాలి. కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది.

ఇంట్లో ఏమేం చేసుకోవచ్చు?

ఏళ్ల తరబడి ఆగిన కారుకు కొత్త బ్యాటరీ వేసి వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ముందు ట్యాంకులోని పాత పెట్రోల్ తీసేయాలి. స్పార్క్ ప్లగ్స్ విప్పి, సిలిండర్లలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయాలి. తర్వాత ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఈజీగా తిరిగితేనే ముందుకు. ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ మార్చడం ఇంట్లోనే అయిపోయే పని.

తర్వాత పెట్రోల్ పైపులు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. పాత కార్ల రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దీనికోసం తయారైనవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి కారు కదలకుండా ఉంటే ఇనుప ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేసుకోవాలి. నెలల తరబడి పెట్రోల్ నిల్వ ఉంచకూడదు.

టైర్లు అరగకపోయినా నమ్మొద్దు. సైడ్‌వాల్ మీద ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అక్కడ పాతికేళ్ల కిందటి తేదీ ఉంటే ఆ టైరుతో రోడ్డెక్కడం ప్రమాదమే.

బ్రేకులు, స్టీరింగ్, వెల్డింగ్ మాత్రం అనుభవం ఉన్న మెకానిక్‌కే వదిలేయాలి. కింది ఫ్లోర్, డోర్ల అడుగు భాగంలో తుప్పును పుట్టీతో కప్పేస్తే ఒక వానాకాలం కూడా ఆగదు.

ఇంటిల్లిపాదికీ పని

విప్పిన ప్రతి బోల్టునూ చిన్న కవర్లో వేసి, పేరు రాసి పెట్టాలి. విప్పే ముందు ఫోన్లో ఫొటో తీయాలి. పిల్లలు ఈ పని బాగా చేస్తారు. బిల్లుల లెక్క ఒకరు చూసుకోవాలి. అప్పట్లో ఆ కారు నడిపినవాళ్లు ఇంట్లో ఉంటే ఒరిజినల్ రంగు, సీట్ల బట్ట ఎలా ఉండేవో చెప్పించుకోవాలి. పాత ఫ్యామిలీ ఆల్బమ్ కూడా ఇక్కడ పనికొస్తుంది.

స్పేర్ పార్ట్స్ కోసం రాణిగంజ్, పుత్లీబౌలి షాపులు తిరగాల్సిందే. ఇంజిన్ సామాన్లు అంబాసిడర్‌తో కలుస్తాయి కాబట్టి కొంత నయం. అద్దాలు, లైట్లు, బీడింగ్ దొరకడమే కష్టం. అందుకే విరిగినా, పగిలినా పాత పార్ట్‌ను పారేయొద్దు. కొత్తది చేయించడానికి అదే శాంపిల్.

సెల్లార్‌లో అయితే జాగ్రత్త

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్రోల్ తీయడం, వెల్డింగ్ చేయడం అస్సలు వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది. కిందే పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మూసి ఉన్న చోట ఇంజిన్ ఆన్‌లో ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. జాకీ ఒక్కటే పెట్టి కారు కిందకి దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, తడిపి తుడవాలి.

మరి చేయించాలా? వద్దా?

ఆర్‌సీ పేరు మార్పు సాధ్యమై, చాసిస్ నంబర్ స్పష్టంగా ఉండి, ఫ్లోర్ గట్టిగా ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఖర్చు పెట్టే ముందు మళ్లీ ఆలోచించాలి. రోడ్డెక్కే రోజుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చేతిలో ఉండాలి. ఇక బిల్లులు, ఫొటోలు, తీసేసిన పార్ట్స్ అన్నీ ఒక పెట్టెలో దాచండి. 2034 తర్వాత వింటేజ్ దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ కారు ఒరిజినలే అని చూపించడానికి పనికొచ్చేది ఆ పెట్టే.